వృద్ధుల జ్ఞాపకశక్తి పరీక్షలో వర్చువల్ రియాలిటీ

పెద్దవయసువారిలో డిమెన్షియా తొలి ఛాయలను పసిగట్టడానికి, కళ్లకు హెడ్‌సెట్ తొడిగి, లేని చోటును ఉన్నట్టు చూపి, అందులో దారి వెతికించే పద్ధతి. దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ అంచనా. పట్నాల కన్నా పల్లెల్లోనే ఇది ఎక్కువ.

ఈ పద్ధతికి ముందు వాడుకలో ఉన్నవి ఎక్కువగా కాగితం పరీక్షలే. 1975లో అమెరికాలో ఫోల్‌స్టీన్ బృందం రూపొందించిన 30 మార్కుల పరీక్ష ఓ వాక్యం రాయమంటుంది, బొమ్మ చూసి గీయమంటుంది. బడి మొహం చూడని మనిషికి ఇందులో మార్కులు తగ్గితే అది మరుపు వల్లనా, చదువు లేకనా? ఈ చిక్కు విప్పడానికే 1995లో హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో నిరక్షరాస్యుల కోసం హిందీ రూపం తెచ్చారు. తెలుగునాట డిమెన్షియాపై పరిశోధన హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో సాగింది. అక్కడ సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగులను పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలవుతోందని 2013లో ప్రకటించింది. చదువురాని వారిలోనూ ఈ తేడా కనిపించింది.

వర్చువల్ రియాలిటీ పరీక్షకు ఆధారం మెదడులోనే ఉంది. ఎలుక ఫలానా చోటికి రాగానే స్పందించే కణాలను 1971లో జాన్ ఓకీఫ్ కనుగొన్నారు. దూరాన్నీ దిక్కునూ లెక్కగట్టే కణాలను 2005లో మోసర్ దంపతులు మెదడులోని ఎంటోరైనల్ కార్టెక్స్ అనే భాగంలో గుర్తించారు. ముగ్గురికీ 2014లో నోబెల్ దక్కింది. డిమెన్షియాలో ఒక రకమైన అల్జీమర్స్ తొలి దెబ్బ పడేదీ ఎంటోరైనల్ కార్టెక్స్‌పైనే. 2019లో కేంబ్రిడ్జి పరిశోధకులు స్వల్ప మరుపు ఉన్న 45 మందికి హెడ్‌సెట్ పెట్టి, మూడు గుర్తుల వెంట నడిపించి, అవి మాయమయ్యాక మొదటిది ఉన్నచోటికి తిరిగి రమ్మన్నారు. అల్జీమర్స్ ఆనవాళ్లున్నవారే ఎక్కువగా గురి తప్పారు. మామూలు కాగితం పరీక్షల కన్నా ఇదే వారిని బాగా పట్టిచ్చింది.

ఈ పరీక్షకు అక్షరం ముక్క అక్కర్లేదు. నిజామాబాద్, బోధన్ వంటి చోట్లకు దీని విలువ అక్కడే. 1931లో నిజాంసాగర్ ప్రాజెక్టు నీళ్లు, ఆ దశాబ్దం చివర బోధన్‌లోని శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ వచ్చాక, ఇక్కడి తెలంగాణ తెలుగు, ఉర్దూ, మరాఠీ పక్కన కోస్తా నుంచి వచ్చి క్యాంపుల్లో స్థిరపడిన రైతుల తెలుగూ చేరింది. 2015లో మూతపడిన ఆ ఫ్యాక్టరీలో పనిచేసినవారు, చెరకు నరికినవారు, బీడీలు చుట్టిన ఆడవాళ్లు ఇప్పుడు పెద్దవయసుకు వచ్చారు. వీరికి సూపర్‌మార్కెట్ బొమ్మ చూపి సరుకులు ఏరమనే పరీక్షల కన్నా నడిపించే పరీక్షే నయం. అయితే ఏం చేయాలో చెప్పే మాట మాత్రం వారి ఇంటి భాషలోనే ఉండాలి. కంటిశుక్లం, మోకాళ్ల నొప్పి, హెడ్‌సెట్ పెట్టగానే వచ్చే కళ్లు తిరుగుడు కూడా ఫలితాన్ని తారుమారు చేస్తాయి.

ఈ పరీక్షలో తడబడినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. బి12 లోపం, థైరాయిడ్, దిగులు వల్ల కూడా మరుపు వస్తుంది. వీటికి మందులున్నాయి కాబట్టి, రక్తపరీక్షలూ డాక్టరు పరీక్షా అయ్యాకే రోగనిర్ధారణ చేయాలి.