రెండు ఇళ్ల భవితవ్యం: ముద్దేనహళ్లి, న్యూయార్క్

పాలకుడు నివసించిన ఇల్లు ఆయన తదనంతరం ఏమవుతుందన్నది పదవి పెద్దరికాన్ని బట్టి కాక, ఆ ఇంట్లో ఏమి మిగిలింది, మిగిలినదాన్ని ఎవరు కాపాడారు అన్నదాన్ని బట్టి తేలుతుంది. ఒక అమెరికా అధ్యక్షుడి నగర నివాసాన్ని, చింతామణి, బాగేపల్లి తాలూకాలున్న చిక్కబళ్లాపురం జిల్లాకు చెందిన ఒక దివాను జన్మగృహాన్ని పక్కపక్కన చూస్తే ఈ విషయం స్పష్టమవుతుంది.

న్యూయార్క్‌లోని లెక్సింగ్టన్ అవెన్యూలో 123వ నంబరు ఇల్లు చెస్టర్ ఆర్థర్‌ది. తుపాకీ గాయంతో మంచం పట్టిన అధ్యక్షుడు గార్ఫీల్డ్ 1881 సెప్టెంబరు 19 రాత్రి మరణించగా, ఉపాధ్యక్షుడిగా ఉన్న ఆర్థర్ మరునాడు తెల్లవారకముందే ఆ ఇంట్లోనే, జాన్ బ్రేడీ అనే న్యాయమూర్తి ఎదుట అధ్యక్షుడిగా ప్రమాణం చేశారు. ప్రభుత్వోద్యోగాలను పార్టీ అనుచరులకు పంచిపెట్టే అలవాటుకు అడ్డుకట్ట వేసి, పరీక్షల ద్వారా నియామకాలకు బాట వేసిన 1883 నాటి పెండిల్టన్ చట్టంపై సంతకం చేసింది ఆయనే అయినా, ఆ పేరు తెలిసినవారు తక్కువ. 1886 నవంబరులో అదే ఇంట్లో కన్నుమూయడానికి ముందు తన పత్రాలలో చాలావాటిని తగలబెట్టించడం అందుకు కొంత కారణం.

తరువాత పత్రికాధిపతి హెర్స్ట్ కొంతకాలం నివసించిన ఆ ఇంటికి 1965లో జాతీయ చారిత్రక స్థలంగా గుర్తింపు లభించింది. అయితే అది గౌరవమే తప్ప, ప్రైవేటు యజమాని కట్టడాన్ని మార్చకుండా ఆపగల నిషేధం కాదు. కింది భాగం రూపు మారి, 1944లో మొదలైన కలుస్త్యాన్స్ అనే దుకాణం నేడు అక్కడే పప్పులు, మిరియాలు, మసాలా దినుసులు అమ్ముతోంది. ప్రమాణ స్వీకారానికి గుర్తుగా ఒక ఫలకం మాత్రం ఉంది.

ముద్దేనహళ్లి కథ వేరు. 1861లో అక్కడ పుట్టిన విశ్వేశ్వరయ్య తెలుగు కుటుంబానికి చెందినవారు. ఇంటిపేరైన మోక్షగుండం ఆంధ్రలో బేస్తవారిపేట సమీపంలోని ఊరు. 1908 మూసీ వరద తరువాత హైదరాబాదుకు రక్షణ ప్రణాళిక రూపొందించిన ఈ ఇంజనీరు, 1912లో మైసూరు దివాను, అంటే మహారాజు తరఫున పాలన నడిపే ప్రధానమంత్రి, అయ్యారు. 1955లో భారతరత్న అందుకుని, 1962లో నూరేళ్లు దాటి మరణించిన ఆయన సమాధి సొంత ఊళ్లోనే ఉంది. పుట్టిన ఇంటిని పునరుద్ధరించి, పక్కనే స్మారక ట్రస్టు ప్రదర్శనశాలను నిర్వహిస్తోంది. అందులో పురస్కారాలతోపాటు కళ్లజోడు, కప్పులు, పుస్తకాలు, చివరకు విజిటింగ్ కార్డులు ముద్రించిన అచ్చు దిమ్మె కూడా ఉన్నాయి. కొలతలో, క్రమశిక్షణలో రాజీపడని మనిషి దినచర్య ఆ చిన్న వస్తువులలో కనిపిస్తుంది.

న్యూయార్క్‌లో వ్యాపారం గోడలను నిలబెట్టింది. అందుకు ఆ దుకాణానికి కృతజ్ఞత చెప్పవలసిందే. అయితే పత్రాలు బూడిదయ్యాక గోడలు చెప్పగలిగేది కొంతే. కోలారు నుంచి విడివడి 2007లో ఏర్పడిన చిక్కబళ్లాపురం జిల్లాలో పాత తెలుగు ఇళ్ల అటకల మీద, భోషాణాలలో ఉన్న లెక్కల పుస్తకాలు, ఉత్తరాలు, దస్తావేజులు ఇళ్లు కూలకముందే భద్రపడాలి. స్మారకాల నిర్మాణం ఆ తరువాత చేపట్టినా చరిత్రకు నష్టం ఉండదు.