గొట్టము లోపలి చరిత్ర
పాత సైనిక తుపాకిని ఎంచుకొనుట ఎట్లు?

పాత నాణెములను, తపాలా బిళ్ళలను సేకరించువారు మన ఊళ్ళలో చాలమంది కలరు. పాత తుపాకులను సేకరించువారు అరుదు. అది రాజులకు, జమీందారులకు తగిన వేడుక అని మనము అనుకొందుము. కాని సైన్యములు ఆయుధములు మార్చినప్పుడెల్లను పాతవి మిగిలిపోవును. మిగిలినది చవుకగా అమ్ముడుపోవును. అంత డబ్బులేనివాడు అటువంటి ఒకే ఒక తుపాకిని ఎంచుకొనదలచినచో ఏది ఎంచుకొనవలెను? తెలిసినవారు చిన్నచూపు చూచి ప్రక్కకు నెట్టు దానినే ఎంచుకొనవలెనని నా అభిప్రాయము. ఎందుకో చెప్పుటకు కర్నూలు కోటనుండి బయలుదేరవలెను.

1839 అక్టోబరులో ఈస్టిండియా కంపెనీ సేనలు కర్నూలు కోటలో ప్రవేశించినప్పుడు, అంతఃపురపు ఆవరణము ఒక పెద్ద ఆయుధాగారముగా మారియుండుట చూచి అధికారులు విస్తుపోయినారు. నవాబు గులాం రసూల్ ఖాన్ ఫిరంగులను, మందును, గుండ్లను అక్కడ పోగుచేసియుంచెను. పోతపోయు కొలుములు కూడ ఉండెను. అక్టోబరు 18న జొహరాపురము వద్ద జరిగిన పోరులో నవాబు పట్టుబడినాడు. తిరుచిరాపల్లికి పంపబడి, 1840లో అక్కడనే హతుడైనాడు. ఆయుధములను రాసులుగా పోసినంత మాత్రమున బలము వచ్చునా అను ప్రశ్నకు ఆ సంవత్సరమే వేరొకచోట సమాధానము తయారగుచుండెను. అదే 1839లో బ్రిటిష్ పదాతి దళమునకు చెకుముకిరాయి అక్కరలేని తుపాకి నమూనా ఒకటి సిద్ధమైనది. మీట నొక్కగానే సుత్తి ఒక చిన్న రాగి టోపీపై పడును. టోపీలోని పేలుడు పదార్థము మండి లోపలి మందును అంటించును. వానలోనైనను, గాలిలోనైనను పనిచేయును. దానితో లక్షలాది చెకుముకి తుపాకులు ఒక్కసారిగా పాతవైపోయినవి.

ఆ చెకుముకి తుపాకికి సిపాయిల వాడుకలో 'బ్రౌన్ బెస్' అని పేరు. అందులో ఒక రకము కంపెనీ తన సేనలకొరకు చేయించినది. ఫ్రాన్సుతో యుద్ధము వచ్చి ఆయుధముల కొరత ఏర్పడగా బ్రిటిష్ ప్రభుత్వమే 1790వ దశకములో కంపెనీవద్ద దానిని కొని, తన సైన్యమునకు కూడ ఆ నమూనానే తీసికొన్నది. అందువలననే దానికి 'ఇండియా పాటర్న్' అను పేరు నిలిచినది. దాని గొట్టపు వ్యాసము సుమారు 19 మిల్లీమీటర్లు. గుండు వ్యాసము 17.5 మాత్రమే. మధ్య సందు ఎందుకు? నల్లమందు కాలినప్పుడు మసి గొట్టములో పేరుకొనును. గుండు బిగువుగా ఉన్నచో రెండవసారి, మూడవసారి అది దిగదు. సందు ఉండుటచే గుండు సులభముగా దిగును. కాని బయటకు వచ్చునప్పుడు గోడలకు తగిలి తగిలి, చివరి తాకుడు ఎటు నెట్టిన అటు పోవును. నూరు గజములు దాటిన తరువాత గురి అనుమాటకు అర్థము లేదు.

ఇందుకు ఉపాయము మన మద్రాసు తీరముతో సంబంధమున్న ఒక గణితవేత్త ముందే చెప్పియుండెను. ఆయన బెంజమిన్ రాబిన్స్. గుండు వేగమును కొలుచుటకు వ్రేలాడు దిమ్మను ఉపయోగించి, 1742లో ఫిరంగి శాస్త్రముపై గ్రంథము ప్రకటించినాడు. గొట్టము లోపల మెలిదిరిగిన చాళ్ళు ఉన్నచో గుండు తన అక్షముపై తిరుగుచు పోవుననియు, అట్లు తిరుగు గుండు దారి తప్పదనియు 1747లో వివరించినాడు. తిరుగుచున్నంతసేపు బొంగరము పడిపోకుండుట మన పిల్లలందరికి తెలిసినదే. చాళ్ళున్న తుపాకిని బాగుగా చేయనేర్చిన దేశమే ఇతరులపై పైచేయి సాధించునని కూడ ఆయన ఊహించినాడు. కంపెనీ ఆయనను కోటల ఇంజనీరుగా ఇక్కడకు రప్పించినది. 1751లో కడలూరు వద్దనున్న సెయింట్ డేవిడ్ కోటలో జ్వరముతో మరణించినాడు. మన భౌతికశాస్త్ర పాఠములలో ఆ దిమ్మ కలదు, ఆయన మన తీరమున మరణించిన సంగతి మాత్రము లేదు.

చాళ్ళున్న తుపాకినే రైఫిల్ అందురు. అది వేటగాండ్రవద్ద అంతకుముందే ఉన్నను సైన్యమంతటికి పనికిరాలేదు. గుండు చాళ్ళను పట్టుకొనవలెనన్న బిగువుగా ఉండవలెను; బిగువుగా ఉన్నదానిని మూతినుండి లోపలికి కొట్టికొట్టి దించవలెను. 1849లో ఫ్రెంచి అధికారి మినియే ఈ చిక్కు విడదీసినాడు. అడుగున బోలుగానున్న సీసపు తూటా సులభముగా దిగును. మందు మండగానే దాని అడుగు విప్పారి చాళ్ళలో కూరుకొనును. ఈ సూత్రముపైననే 1853లో ఎన్‌ఫీల్డ్ రైఫిల్ ఏర్పడినది. వ్యాసము 14.66 మి.మీ., చాళ్ళు మూడు, గొట్టపు పొడవు 99 సెంటీమీటర్లు. చాళ్ళు 198 సెంటీమీటర్లకు ఒక చుట్టు తిరుగును. అనగా గొట్టము దాటులోపల తూటా సరిగా అరచుట్టు తిరుగును. ఆ అరచుట్టుతోనే నూరు గజముల గురి అనేక వందల గజములకు పెరిగినది.

ఈ రైఫిల్ తూటాకు పూసిన కొవ్వు గురించి 1857లో లేచిన కలకలము చరిత్ర పుస్తకములలో ఉన్నది. తరువాత జరిగినది వాటిలో సాధారణముగా కానరాదు. తిరుగుబాటు అణగిన పిమ్మట, భారతీయ సిపాయి చేతి ఆయుధము తెల్ల సిపాయి ఆయుధముకన్న ఒక మెట్టు తక్కువగా ఉండవలెనని ప్రభుత్వము నిశ్చయించుకొన్నది. అందుకై 1858లో ఒక విచిత్రమైన తుపాకి చేయబడినది. ఎన్‌ఫీల్డ్ గొట్టమునే తీసికొని, లోపల తొలిచి, చాళ్ళను పూర్తిగా చెరిపివేసి, వ్యాసమును 16.66 మి.మీ.కు పెంచినారు. దూరము సరిచూచుకొను గురిపలకను తొలగించి స్థిరమైన చిన్న గురి పెట్టినారు. బయట చూచిన రైఫిల్, లోపల చూచిన బ్రౌన్ బెస్ తమ్ముడు! తొలిచినందున గోడలు పలుచనై గొట్టములు సొట్టలు పడసాగినవి. 1859లో గోడ మందము పెంచి మరియొక నమూనా చేయవలసి వచ్చినది. రాబిన్స్ నూరేండ్లకు ముందు చూపిన మేలును తెలిసి తెలిసి, డబ్బు ఖర్చుపెట్టి, తీసివేసిన ఉదాహరణ ఆయుధ చరిత్రలో ఇంకొకటి నాకు తోచుటలేదు. మద్రాసు సైన్యము దాదాపు అంతయు 1857లో కంపెనీ పక్షముననే నిలిచినది. ఉత్తరదేశమున సిపాయికి 'తిలంగా' అను పేరు వచ్చునంతగా తొలినాళ్ళలో తెలుగువారు ఆ కొలువులో ప్రసిద్ధులు. విశ్వాసమునకు దొరికిన బహుమానము ఇది.

తరువాతి కథ మెట్లుదిగు కథ. వెనుకనుండి తూటా పెట్టు స్నైడర్ రైఫిల్ 1866లో వచ్చినది. 1871లో మార్టినీ–హెన్రీ వచ్చి, తెల్ల సిపాయిలకు అది చేరిన పిమ్మట వారి స్నైడర్లు భారతీయ పటాలములకు దిగినవి. 1878–80 ఆఫ్ఘను యుద్ధములో ఈ రెండు రకములు ప్రక్కప్రక్కన నడచినవి. 1888లో 7.7 మి.మీ. వ్యాసపు పత్రికా రైఫిల్ (అనగా అనేక తూటాలు ఒకేసారి నింపుకొనునది) రాగా, మార్టినీలు దిగినవి. మనకు 'త్రీనాట్‌త్రీ' అని పరిచయమైన రైఫిల్ ఆ వంశములోనిదే. దాని చాళ్ళు 25.4 సెంటీమీటర్లకే ఒక చుట్టు తిరుగును. తూటా సెకనుకు సుమారు 744 మీటర్ల వేగముతో వెడలును. భాగించి చూడుడు: సెకనుకు దాదాపు 2,900 చుట్లు! తరగతిలో వేయించుటకు మంచి లెక్క.

బెంగాలులోని ఈశాపూరు కర్మాగారమున ఈ రైఫిళ్ళలో కొన్నిటికి పాత చికిత్సయే మరల జరిగినది. పోలీసులకొరకు చాళ్ళను తొలిచి 10.4 మి.మీ. నున్నని గొట్టముగా మార్చి, తూటాల పెట్టెలో కర్రముక్క బిగించి, ఒకసారికి ఒక్క తూటాయే పట్టునట్లు చేసినారు. 1858 నాటి అనుమానము ఇరువదవ శతాబ్దములోనికి నడచివచ్చినది. అసలు త్రీనాట్‌త్రీ మాత్రము దీర్ఘాయుష్మంతురాలు. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 జనవరి 26 కవాతులో దానికి వీడ్కోలు చెప్పినారు.

ఇక ఎంపిక. అమెరికాలో ఈశాపూరు రైఫిళ్ళు అంగళ్ళలో చవుకగా దొరికిన రోజులుండెను. 2003లో ఖాట్మండులోని లగన్ సిలేఖానా అను పాత భవనమునుండి వేలకొలది బ్రౌన్ బెస్‌లను, ఎన్‌ఫీల్డులను, మార్టినీలను రెండు అమెరికను సంస్థలు కొనిపోయినవి. మనకు ఆ దారి లేదు. త్రీనాట్‌త్రీ 1959 నాటి ఆయుధ చట్టము క్రింద నిషిద్ధ వ్యాసపు ఆయుధము. సేకరణకర్త దానిని తలపెట్టరాదు. పురాతన వస్తువుల కోవకు చెందిన చిన్న ఆయుధములను ఉంచుకొనుటకు 2020 ఫిబ్రవరిలో జరిగిన నియమ సవరణ లైసెన్సు అవసరమును తొలగించినది; వాడుటకు, మోసికొనిపోవుటకు మాత్రము అది కావలెను. తాను చూచిన తుపాకి ఆ కోవలో చేరునో లేదో సంబంధిత అధికారులను అడిగి వ్రాతపూర్వకముగా తెలిసికొనిన పిమ్మటనే డబ్బు చెల్లించవలెను. నూరేండ్లు దాటిన వస్తువులతో వ్యాపారము చేయువానికి 1972 నాటి చట్టము క్రింద లైసెన్సు ఉండవలెనని కూడ మరువరాదు.

తుపాకి కంటబడగానే ముందు చేయవలసినది లోపల మందు ఉన్నదో లేదో చూచుట. పాత తుపాకులు నిండియుండుట కొత్త కాదు. నూరేండ్లనాటి నల్లమందు కూడ పొడిగానున్నచో పేలును. మూతికి ఎదురుగా ముఖము పెట్టక, సన్నని కర్రను మూతినుండి అడుగువరకు దించి గుర్తుపెట్టి, బయట గొట్టముప్రక్కన ఉంచి కొలువవలెను. కర్ర టోపీ రంధ్రమువరకు చేరనిచో లోపల ఏదో ఉన్నది. అక్కడితో ఆపి పోలీసులకు తెలుపవలెను.

ఖాళీ అని తేలిన పిమ్మట ప్రయోగశాలలోని వెర్నియర్ కాలిపర్స్ చాలును. మూతివద్ద 14.66 వచ్చి చాళ్ళు కనబడినచో అది ఎన్‌ఫీల్డ్. ధర ఎక్కువ చెప్పుదురు. 16.66 వచ్చి లోపల అద్దమువలె నున్నగా ఉన్నచో అమ్మువాడు అది పాడైన ఎన్‌ఫీల్డ్ అని సాధారణముగా తక్కువకే ఇచ్చును. నేనైతే దానినే తీసికొందును. ఆ రెండు మిల్లీమీటర్ల తేడా అరుగుదలవలన వచ్చినది కాదు, ఆజ్ఞవలన వచ్చినది. లాకు పలకపై ముద్రలు కూడ చూడవలెను. కిరీటము పట్టుకొని నిలిచిన సింహము కంపెనీ గుర్తు. గరుకు కాగితముతో రుద్ది మెరపించిన తుపాకిపై ఆ గుర్తులు నిలువవు.

నిలువచేయు విషయములో కర్నూలు, కడప వారు అదృష్టవంతులు. సముద్రతీరమున ఒక్క వానకాలములో పట్టు త్రుప్పు ఇక్కడ పట్టుటకు చాలకాలము పట్టును. అయినను నల్లమందు మిగిల్చిన లవణములు గాలిలోని తేమను లాగికొని లోపల గుంటలు చేయును. నూనె వాటిని కరగింపలేదు. వేడినీటితో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, ఇనుమునకు మాత్రమే పలుచగా నూనె పూయవలెను. ప్రక్కన పెట్టు చీటీపై పేరు, సంవత్సరములతోపాటు వెర్నియర్ చూపిన రెండు కొలతలను, అనగా మొదట ఉండవలసిన వ్యాసమును, ఇప్పుడున్న వ్యాసమును వ్రాసిపెట్టవలెను.