గల్లాపెట్టె నేర్చిన లెక్కలు

దుకాణము చిన్నదైనను, పెద్దదైనను ప్రొద్దు గూకిన తరువాత యజమాని ముందు నిలుచు ప్రశ్న ఒక్కటే. ఈ దినము ఎంత సరుకు అమ్ముడుపోయినది? దానికి తగిన పైకము గల్లాపెట్టెలో ఉన్నదా? అంగడిలో యజమాని ఒక్కడే కూర్చున్నంత కాలము దీనికి జవాబు కష్టము కాదు. చిట్టాలోని అంకెలను, పెట్టెలోని నాణెములను సరిచూచుకొన్న చాలును. బేరము పెరిగి, ఇద్దరు ముగ్గురు గుమాస్తాలు చేరిన తరువాతనే చిక్కు మొదలగును. రద్దీ వేళలో ప్రతి అమ్మకమును వ్రాయుటకు తీరిక ఉండదు. వ్రాయనిది గుర్తుండదు. గుర్తులేని చోట పొరపాటేదో, దొంగతనమేదో తెలియదు. పైకము తగ్గినప్పుడు నిజాయితీ గల గుమాస్తా కూడ అనుమానమునకు గురి కావలసి వచ్చును.

ఈ చిక్కును యంత్రముతో విడదీయ బూనినవాడు గొప్ప శాస్త్రజ్ఞుడు కాడు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రములో, డేటన్ పట్టణమున మద్యశాల నడుపుచుండిన జేమ్స్ రిట్టీ అను వ్యాపారి. అతని అంగడికి జనము వచ్చుచుండిరి గాని లాభము మాత్రము కనబడుట లేదు. పనివారిలో కొందరు డబ్బును జేబులో వేసికొనుచుండిరి. 1878లో అతడు ఓడపై ఐరోపాకు పోవుచు, ఓడను నడుపు ప్రొపెల్లరు ఎన్ని చుట్లు తిరిగినదో లెక్కించు సాధనమును చూచెను. ఇరుసు చుట్లను లెక్కించునట్టి యంత్రము అమ్మకములను ఏల లెక్కింపరాదని అతనికి తోచెను. స్వదేశము చేరి, సోదరుడు జాన్ సాయముతో నమూనాలు తయారుచేసెను. 1879 నవంబరు 4న అతని యంత్రమునకు పేటెంటు లభించెను. దానికి అతడు పెట్టిన పేరునకు "లంచమునకు లొంగని నగదు గుమాస్తా" అని అర్థము.

చక్రములతో కూడికలు చేయుట అప్పటికి క్రొత్త విషయము కాదు. పన్నుల లెక్కలలో తండ్రికి తోడ్పడుటకై ఫ్రాన్సు దేశపు పాస్కల్ 1642లోనే అట్టి యంత్రమును ఆలోచించెను. ఒకట్ల చక్రము పూర్తిగా ఒక చుట్టు తిరిగినప్పుడు పదుల చక్రము ఒక్క మెట్టు కదలును. మనము బడిలో నేర్చిన "పది నిండినచో ఒకటి చేర్చు" అను సూత్రమే అక్కడ ఇనుప పండ్ల రూపము దాల్చినది. రిట్టీ మొదటి నమూనా చూచుటకు గడియారమువలె ఉండెను. దానికి రెండు ముల్లులు. ఒకటి సెంట్లను, రెండవది డాలర్లను చూపును.

తరువాతి నమూనాలలో ఒకదానియందు కాగితపు చుట్టను అమర్చిరి. మీట నొక్కినప్పుడెల్ల ఆ మొత్తమునకు కేటాయించిన నిలువు వరుసలో ఒక రంధ్రము పడును. రాత్రి యజమాని ఆ రంధ్రములను లెక్కించును. పది సెంట్ల వరుసలో 37 రంధ్రములున్నచో 370 సెంట్లు, అనగా 3 డాలర్ల 70 సెంట్లు రావలెను. ఇట్లు ప్రతి వరుసను గుణించి కూడినచో దినపు రాబడి తేలును.

ఇక్కడ తెలివైన విద్యార్థి ఒక ప్రశ్న వేయవచ్చును. గుమాస్తా పది సెంట్లు పుచ్చుకొని ఐదు సెంట్ల మీట నొక్కినచో యంత్రమేమి చేయగలదు? నిజమునకు ఏమియు చేయలేదు. యంత్రమునకు తెలిసినది నొక్కిన మీటయే గాని, చేతులు మారిన నాణెము కాదు. కాని నొక్కిన మొత్తము పైభాగమున కొనుగోలుదారునకు కనబడును. కొంతకాలమునకు సొరుగు తెరచుకొన్నప్పుడు మ్రోగు గంట కూడ దీనికి చేరెను. కనుక ప్రతి బేరమునకు కొనువాడే జీతములేని సాక్షి ఆయెను. ఈ యంత్రము బలము చక్రములలో కొంత, పదిమంది కన్నులు చెవులు ఎదుట లెక్క జరుగుటలో మరికొంత ఉన్నది. నమ్మకస్థుడైన గుమాస్తాకు కూడ ఇదియే రక్షణ.

రిట్టీ ఈ వ్యాపారమును ఇతరులకు అమ్మివేసెను. 1884లో జాన్ పేటర్సన్ దానిని కొని, నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీ అని పేరు మార్చెను. ఇతడు మొదట ఈ యంత్రములను కొన్న ఒక దుకాణదారుడే. వానివలన తన నష్టము ఆగుట చూచిన తరువాతనే వాని తయారీకి దిగెను. ఆ కంపెనీలో చేరిన చార్లెస్ కెటరింగ్ అను ఇంజనీరు 1906లో విద్యుత్తుతో నడచు నగదు యంత్రమును రూపొందించెను. మోటారు ఎడతెగక తిరుగనక్కరలేదు, సొరుగు తెరచుటకు క్షణకాలము బలము చూపిన చాలును. కనుక చిన్న మోటారుపైనే క్షణకాలము పెద్ద భారము మోపవచ్చునని అతడు గ్రహించెను. తరువాత మోటారుకారును చేతిపిడి త్రిప్పకుండ కదలించు సెల్ఫ్ స్టార్టరుకు ఈ భావమే ఆధారమాయెను.

ఇంతవరకు యంత్రమునకు తెలిసినది పైకమే. ఏ వస్తువు అమ్ముడుపోయినదో తెలియదు. ఆ లోటును గీతల గుర్తు, అనగా బార్ కోడ్, తీర్చెను. 1974 జూన్ 26న డేటన్‌కు సమీపమున ఉన్న ట్రాయ్ పట్టణములో ఒక దుకాణమున చూయింగ్ గమ్ పొట్లముపై గీతలను కాంతిపుంజముతో చదివిరి. నాటినుండి అమ్మకము నమోదగుటతోపాటే సరుకు నిల్వ తగ్గుట కూడ లెక్కకెక్కెను. మోటారు విడిభాగముల గుర్తింపుకై 1994లో జపానులో మసహిరో హారా బృందము చతురస్రపు క్యూఆర్ గుర్తును రూపొందించెను. మన దేశములో 2016లో యూపీఐ చెల్లింపులు వచ్చిన తరువాత ఆ చతురస్రమే కిరాణా కొట్టు బల్లపైకి చేరినది. ఇంత రూపాయలు అందినవని తెలుగులో పలుకు చిన్న పెట్టె నేడు అనేక అంగళ్ళలో వినబడుచున్నది. అది ఆనాటి గంటకు వారసురాలు. యజమాని, గుమాస్తా, కొనువాడు ముగ్గురును ఒకేసారి విందురు.

అయితే వచ్చిన పైకమంతయు లాభము కాదు. ఒకనాడు 4,000 రూపాయలు వచ్చినవనుకొందము. అందులో సరుకు కొన్న వెల 3,400, అద్దె, దీపములు మొదలగు ఖర్చులు 250 అయినచో, మిగులు 350 మాత్రమే. సాయంకాలము ఇంటి వాడకమునకు 500 తీసినచో, 150 రూపాయల మూలధనము తరిగినట్లే. ఆ సంగతి ఏ పెట్టెయు కేకవేసి చెప్పదు. అరువు ఇచ్చిన సరుకు గురించియు అది పలుకదు. వానిని ఆవర్జాలో గాని, చేతిఫోనులోని ఖాతాలో గాని యజమాని స్వయముగ వ్రాసికొనవలసినదే.

ఉపాధ్యాయులు తమ విద్యార్థులచే ఊరిలోని ఒక చిన్న అంగడి వారపు జమాఖర్చులను, యజమాని అనుమతితో, ఈ విధముగ లెక్క కట్టింపవచ్చును. కూడికలు యంత్రము చేయును. ఏది రాబడి, ఏది లాభము, ఏది అప్పు అను వివేచన మాత్రము మనిషి చేయవలెను.