ఎదురుప్రశ్నకు ఫోను

రేడియోలో కలహమును వినోదముగ మార్చినది అమెరికా. 1950లలో జో పైన్ ఫోను చేసిన శ్రోతలతో తగవులాడుటయే కార్యక్రమముగ చేసికొనెను. ఉభయపక్షములకు తావీయవలెనను 1949 నాటి నియమము 1987లో రద్దుకాగా, మరుసటి యేడే రష్ లింబా దేశమంతట వినిపింపసాగెను. 1994 ఎన్నికలలో గెలిచిన రిపబ్లికను పక్షపు క్రొత్త ప్రతినిధులు ఆయనను తమలో గౌరవ సభ్యునిగ చేర్చుకొనిరన్న, ఆ గొంతు బలమును ఊహింపవచ్చును.

మన దేశమున ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రములకు అనుమతినిచ్చుచు ప్రభుత్వము వార్తలను మినహాయించినది. కనుక అట్టి గొంతు పుట్టలేదు. అందుకు విచారింప పనిలేదు. కాని ప్రశ్నించు గొంతు మాటయేమి?

తెలంగాణ సరిహద్దునంటిన తర్లగూడ వంటి చోట తెలుగును గోండియు నోట నుండును, కచేరీ కాగితము హిందీలో నుండును. ఈ ఎడమునందే బస్తరు ఫిర్యాదులు తరతరములుగ అణగిపోయినవి. 2010లో బి.బి.సి. పూర్వ విలేఖరి శుభ్రాంశు చౌధరి నెలకొల్పిన సీజీనెట్ స్వరకు ప్రసార స్తంభము లేదు. ఉన్నది ఫోను నంబరు. కూలి అందలేదనియో, చేతిపంపు చెడినదనియో గ్రామస్థుడు స్వభాషలో చెప్పెను. సరిచూచి దానిని వినిపించిరి. బాధ్యుడైన అధికారి నంబరును జోడించిరి. శ్రోతలు నేరుగ ఆయననే అడిగిరి. పైన్ శ్రోతను గద్దించెను. ఇచట శ్రోతయే అధికారిని నిలదీసెను.

ఫోను పలుకని అడవులలో సందేశములు బ్లూటూత్‌పై చేతినుండి చేతికి సాగినవి. దానికి ‘బుల్టూ రేడియో’ అని పేరుపడినది.