గనులు త్రవ్విన కొండ భూములు: పచ్చదనం పునరుద్ధరణకు ప్రమాణాల నిర్ణయం

కొండపై గని త్రవ్వకం ముగిసిన పిదప మిగులునది పైమన్ను కోల్పోయిన రాతి నేల, వాలు వెంబడి పోసిన ఓవర్‌బర్డెన్ మట్టి దిబ్బలు. తొలకరి జల్లులకే ఆ మట్టి వాగులలోనికి, చెరువులలోనికి, దిగువ రైతుల పొలాలలోనికి చేరును. కావున అట్టి భూములలో మొక్కల పెంపకం అలంకారప్రాయమైనది కాదు. అయితే ఆ పని పూర్తి అయినదని ఏ కొలమానం మేరకు నిర్ధారించవలెను అనునదే ముఖ్యమైన ప్రశ్న. గని యజమాని బాధ్యత ఎప్పుడు తీరునో నిర్ణయించునది ఆ కొలమానమే.

మన దేశమున సుప్రీంకోర్టు 2020 జనవరి 8న ఈ విషయమై కీలక ఆదేశములు జారీ చేసియున్నది. త్రవ్వకం ముగిసిన ప్రాంతమున తిరిగి గడ్డి పెంచి, పశుగ్రాసమునకు, వృక్షజాలమునకు, జంతుజాలమునకు అనువుగా భూమిని పునరుద్ధరించవలెనను షరతును లీజుదారులకు విధించవలసినదిగా కేంద్ర ప్రభుత్వమును ఆదేశించడమైనది. చేయవలసిన పని ఇందు స్పష్టము. ఎంత గడ్డి, ఏ జాతి గడ్డి, ఎన్నేళ్లు నిలిచిన గడ్డి అను వివరములను మాత్రం క్షేత్రస్థాయిలో నిర్ణయించుకొనవలసియుండును.

ఈ వివరములను అంకెలలో నిర్దేశించిన చట్టములలో అమెరికా 1977 ఆగస్టు 3న తెచ్చిన ఉపరితల బొగ్గు గనుల చట్టం ప్రధానమైనది. దీని మేరకు పెంచిన పచ్చదనం వైవిధ్యముతో, శాశ్వతముగా, తనంతట తాను పునరుత్పత్తి చెందునట్లుండవలెను. చివరిసారి విత్తనం, ఎరువు, నీరు అందించిన సంవత్సరము తరువాత 5 పూర్తి సంవత్సరములు యజమాని బాధ్యత కొనసాగును. సాలీనా సగటు వర్షపాతం 26 అంగుళములు, అనగా సుమారు 660 మిల్లీమీటర్లు గాని అంతకు తక్కువ గాని ఉన్నచోట ఈ గడువు 10 సంవత్సరములు. ఓబుళాపురం ఇనుప ఖనిజపు కొండలు గల అనంతపురం జిల్లాను ఈ లెక్కన చూచినచో రెండవ కోవకే చెందును.

ఆమోదించిన ప్రమాణములో కనీసం 90 శాతం పచ్చదనం ఉన్నప్పుడే అది నెరవేరినట్లు పరిగణింతురు. చెట్ల విషయములో నిబంధన మరింత నిశితమైనది. లెక్కకు తీసుకొను చెట్లు, పొదలలో 80 శాతం, బాధ్యతా కాలములో 60 శాతం కాలమైనను అక్కడ నిలిచియుండవలెను. 5 ఏళ్ల గడువులో ఇది 3 ఏళ్లు. తనిఖీకి ముందు నాటిన మొక్కలతో లెక్క సరిచేయు అవకాశమును ఇది చాలావరకు అరికట్టును.

అయినను అప్పలాచియన్ పర్వత ప్రాంతమున ఈ ప్రమాణములు ఆశించిన అడవిని ఇవ్వలేదు. వాలు జారకుండ బుల్‌డోజర్లతో నేలను పలుమార్లు అణచి, త్వరగా ప్రాకు విదేశీ గడ్డి జాతులు చల్లిరి. నేల కప్పబడినది, శాతం నెరవేరినది. గట్టిపడిన ఆ నేలలో చెట్ల వేళ్లు మాత్రం దిగలేదు. ఈ లోపమును సరిదిద్దుటకు 2004లో ప్రారంభమైన ప్రాంతీయ అడవుల పునరుద్ధరణ కార్యక్రమం కనీసం 4 అడుగుల లోతున వదులు మట్టి ఉంచవలెనని, చెట్లతో పోటీపడని గడ్డినే చల్లవలెనని సూచించినది. కొలిచినదే నెరవేరును గాని, కోరినది కాదు అనుటకు ఇంతకు మించిన ఉదాహరణ అరుదు.

ముస్సోరీ కొండలలో సున్నపురాయి క్వారీల వలన దెబ్బతిన్న వాలులపై 1982లో ఏర్పడిన టెరిటోరియల్ ఆర్మీ పర్యావరణ దళం మొక్కలు పెంచినది. బళ్ళారి, చిత్రదుర్గ, తుముకూరు జిల్లాల ఇనుప గనులకు సుప్రీంకోర్టు పర్యవేక్షణలో ఒక్కొక్క లీజుకు విడివిడిగా పునరుద్ధరణ ప్రణాళికలు తయారైనవి. కొండ కొండకు వాలు, మన్ను, వాన వేరగుటచే ఇట్టి విడి ప్రణాళికయే సమంజసము.

తూర్పు కనుమల కొండలకు ప్రమాణం నిర్ణయించునప్పుడు సమీపమున త్రవ్వకం జరగని వాలును పోలికగా తీసుకొనుట మేలు. సుబాబుల్, నీలగిరి, ఆస్ట్రేలియా తుమ్మ త్వరలోనే పచ్చగా కనిపించును గాని, నల్లమద్ది, ఇప్ప, ఉసిరి, నేరేడు, వెదురు వంటి స్థానిక జాతులను వేరుగా లెక్కించనిచో ప్రమాణము ఆ తోటలతోనే నెరవేరిపోవును. తొలగించిన పైమన్నును ఏళ్ల తరబడి కుప్పగా ఉంచిన అందలి విత్తనములు, సూక్ష్మజీవులు నశించును గనుక, దానిని వీలైనంత త్వరగా పరచవలసియుండును. కొలుచు కాలము కూడ ముఖ్యమే. ఆశ్వయుజమున ప్రతి కొండయు పచ్చనిదే. వైశాఖమున కూడ ఒకసారి కొలిచినగాని వేరు నిలిచినదో లేదో తెలియదు.