పాత సిలిండర్ హెడ్‌లో పగుళ్ల పరీక్ష

పాతకాలపు బ్రిటిష్ స్పోర్ట్స్ కార్ల ఇంజిన్లను బాగుచేసేటప్పుడు, వాడిన సిలిండర్ హెడ్‌ను మళ్లీ బిగించే ముందు చేయించవలసిన పరీక్ష ఇది. ఎం.జి.బి. కారు ఇందుకు మంచి ఉదాహరణ. 1962 నుంచి 1980 వరకు ఇంగ్లండులోని ఆబింగ్డన్‌లో 5 లక్షలకు పైగా తయారైన ఈ కారుకు 1798 సి.సి. బి.ఎం.సి. 'బి' శ్రేణి ఇంజిన్ ఉంటుంది. దాని బ్లాకు, హెడ్ రెండూ పోత ఇనుమే. మన అంబాసిడర్‌లో వచ్చిన 1489 సి.సి. పెట్రోలు ఇంజిన్ కూడా ఈ కుటుంబానిదే.

పగులు ఎక్కడ పుడుతుందో హెడ్ అమరికను బట్టే ఊహించవచ్చు. సిలిండర్లు 4, ఎగ్జాస్ట్ దారులు మాత్రం 3. నడిమి రెండు సిలిండర్ల పొగా ఒకే దారిన పోవాలి కనుక అక్కడి ఇనుము ఎక్కువ కాగుతుంది. పైగా ప్రతి దహన గదిలోనూ ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ వాల్వు సీట్ల మధ్య మిగిలేది సన్నని గట్టే. దానికి ఒక పక్క చల్లని పెట్రోలు ఆవిరి, మరో పక్క మండిన వాయువు తగులుతూ ఉంటాయి. నీళ్లు తగ్గి ఇంజిన్ మితిమీరి కాగినా, కాగిన ఇంజిన్‌లో చన్నీళ్లు పోసినా ఆ గట్టు మీద వెంట్రుకవాసి పగులు పడవచ్చు.

మసి, తుప్పు పూర్తిగా వదిలించనిదే ఏ పరీక్షా నమ్మదగినది కాదు. సంతలో కుండను కొట్టి చూసినట్టు హెడ్‌ను సుత్తితో తట్టి మోత వినేవారున్నారు. పెద్ద పగులైతే మోత మారవచ్చు గానీ, ఖంగుమన్నంత మాత్రాన హెడ్ మంచిదని అనుకోకూడదు.

పోత ఇనుముకు అయస్కాంత పరీక్ష మేలైనది. హెడ్ మీద అయస్కాంతం ఆనించి సన్నని ఇనుప పొడి చల్లితే, పగులు దగ్గర బలరేఖలు బయటికి పొంగి పొడిని పట్టుకుంటాయి. దాంతో పగులు గీతలా తేలుతుంది. బలరేఖలకు అడ్డంగా ఉన్న పగులే స్పష్టంగా కనబడుతుంది కాబట్టి, అయస్కాంతాన్ని అడ్డం తిప్పి రెండోసారి చూడటం తప్పనిసరి. జాగ్వార్ ఎక్స్.కె. వంటి అల్యూమినియం హెడ్‌లకు ఈ పద్ధతి పనికిరాదు. వాటికి ఎర్రరంగు ద్రవం పూసి, కాసేపు ఇంకనిచ్చి, తుడిచి, తెల్లని పొడి చల్లుతారు. పగుల్లో దాగిన ఎరుపు ఆ తెలుపులోకి ఊరుతుంది.

ఈ రెండూ పైకి తేలిన పగుళ్లనే పట్టిస్తాయి. లోపలి నీటి గదుల సంగతి తెలియాలంటే రంధ్రాలన్నీ మూసి, గాలి ఒత్తిడి ఎక్కించి, హెడ్‌ను వేడినీళ్ల తొట్టెలో ముంచి బుడగల కోసం చూడాలి. చల్లగా ఉన్నప్పుడు మూసుకుపోయే పగులు వేడికి తెరుచుకుంటుంది.

బ్రిటన్‌లో సీసం కలిపిన పెట్రోలు సాధారణ అమ్మకం 1999 చివరితో ఆగింది. వాల్వు సీట్లు అరగకుండా కాపాడే ఆ సీసం లేకపోవడం వల్ల ఈ హెడ్‌లకు గట్టి ఎగ్జాస్ట్ సీట్లు దిగగొట్టించడం మామూలైంది. ఆ ఖర్చు పెట్టకముందే పగుళ్లు చూపించుకోవాలి. సీట్ల మధ్య పైపైన ఉన్న పగులు కొత్త సీటు కోసం తొలిచేటప్పుడే పోవచ్చు, నీటి గదిదాకా దిగితే మాత్రం మరమ్మతు కష్టం. తొలిచేటప్పుడు పల్చని గోడ తెగి నీటి గది బయటపడే ప్రమాదమూ ఉంది కనుక, సీట్లు వేశాక ఒత్తిడి పరీక్ష మరోసారి చేయిస్తారు.