లింకన్ మెట్ల మీద కచేరీ

ఈరోజు ఒక కచేరీ గురించి చెప్పుకుందాం. మన కచేరీలో పాడేవారి పక్కన వయొలిన్, మృదంగం, వెనక తంబురా ఉంటాయి కదా. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో రిసైటల్ అంటే అంత కూడా ఉండదు. పాడేవారు ఒకరు, పియానో వాయించేవారు ఒకరు, అంతే. మామూలుగా మైకు కూడా పెట్టరు. షూబర్ట్ తన పాటల్ని వియన్నాలో స్నేహితుల ఇళ్లలో, కొద్దిమంది మధ్య కూర్చుని వినిపించేవాడు. అలా గదుల్లో పెరిగిన కచేరీ ఇది. దానికి ఆరుబయట 75,000 మంది వస్తే?

మరియన్ ఆండర్సన్‌ది ఫిలడెల్ఫియా, నల్లజాతి కుటుంబం. 1930లలో యూరప్ అంతా తిరిగి పాడి గొప్ప పేరు తెచ్చుకున్నారు. 1939లో వాషింగ్టన్‌లో ఆవిడ కచేరీ పెట్టాలని హోవార్డ్ యూనివర్సిటీ అనుకుంది. ఊళ్లో పెద్ద హాలు కాన్‌స్టిట్యూషన్ హాల్. అది డాటర్స్ ఆఫ్ ది అమెరికన్ రివల్యూషన్ అనే మహిళా సంఘానిది. అక్కడ తెల్లవాళ్లే కచేరీ చెయ్యాలని వాళ్ల నిబంధన. ఇవ్వం అన్నారు. అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ ఆ సంఘానికి రాజీనామా చేశారు. దాంతో సంగతి దేశమంతా తెలిసింది గానీ, హాలు మాత్రం రాలేదు.

చివరికి ఇంటీరియర్ శాఖ మంత్రి హెరాల్డ్ ఇక్స్ లింకన్ స్మారకం దగ్గర పాడడానికి అనుమతి ఇచ్చారు. ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. 1922లో ఆ స్మారకం ప్రారంభించిన రోజున నల్లవాళ్లను వేరుగా కూర్చోబెట్టారండీ. లింకన్ విగ్రహం ముందే!

ఏప్రిల్ 9, ఈస్టర్ ఆదివారం. బాగా చలి. ఆవిడ ఫర్ కోటు విప్పకుండానే పాడారు. ముందు రోజు రాత్రి మేనేజరుకి ఫోన్ చేసి, ఇది తప్పదా అని అడిగారట. గొడవల్లోకి దిగే మనిషి కాదు మరి. పియానో దగ్గర కోస్తి వెహానెన్, ఫిన్లాండ్ ఆయన, ఏళ్ల తరబడి ఆవిడకి వాయించినవాడు.

మొదట 'అమెరికా' అనే దేశభక్తి గీతం. అందులో ఒకచోట 'నేను' అనే మాటను ఆవిడ 'మేము' అని మార్చి పాడారు. తర్వాత దొనిజెట్టి ఒపెరా పాట, షూబర్ట్ 'ఆవే మరియా', ఆపైన బానిసత్వపు రోజుల నుంచి వచ్చిన స్పిరిచువల్స్. అంతా కలిపి అరగంట.

నన్ను కట్టిపడేసేది ఏంటంటే, ఆవిడ ఉపన్యాసం ఇవ్వలేదు. హాల్లో అయితే ఎలా పాడేవారో అలాగే పాడారు. ఆనాటి న్యూస్‌రీల్ దొరుకుతుంది, చూడండి. ఎదురుగా అంత జనం, ఆవిడేమో కళ్లు మూసుకుని పాడుతుంటారు. నేను మొదటిసారి చూసినప్పుడు జనాన్ని చూడడం మర్చిపోయాను.

1943లో అదే సంఘం, అదే హాలుకి ఆవిడని పిలిచింది. వెళ్లి పాడారు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరా మాత్రం 1955లో గానీ వేషం ఇవ్వలేదు. అక్కడ సోలో పాత్ర పాడిన మొదటి నల్లజాతి కళాకారిణి ఆవిడే. అప్పటికి ఆవిడ వయసు 57. గొంతు నిండుగా పలికిన ఏళ్లు అప్పటికే వెనకబడిపోయాయి.